ఏడు ముప్పై ఒకటి నాటి ఆకుపచ్చ

గురువారం మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలు. రుద్రంగి శివారులోని వరి మడిలో నర్మద గొంతుక్కూర్చుని, బురదలో పడ్డ రెండు చాళ్ల లోతును టేపుతో కొలుస్తోంది. ఎడమ చాలు జానెడు. కుడిది అందులో సగం.

"ఒక పక్కకు ఒరిగి దిగింది," అంది.

"దిగుడా? నేలకు గుద్దింది దొరసానీ," అన్నాడు గట్టు మీది రాజేశం. మడి అతనిది. మంగళవారం నాటి దుర్ఘటనకు బయటి సాక్షి కూడా అతనొక్కడే.

"దొరసాని అనకు. నా పేరు నర్మద."

"బాపు రావు దొర బిడ్డవు గదా. నోటికి అదే అస్తది."

నర్మద కాలువలో చేతులు కడుక్కుంది. జగిత్యాలలో డిటెక్టివ్ ఆఫీసు తెరిచి పదకొండేళ్లయింది. ఈ ప్రాంతపు రైతులు ఆమె అడిగిన ప్రతి ప్రశ్నకూ వెంటనే జవాబు చెబుతారు. తన మీది నమ్మకంతో చెబుతారా, తండ్రి పేరుకు జంకి చెబుతారా అన్నది ఆమెకు ఇప్పటికీ తేలలేదు. తేలనంత వరకు ఆ జవాబులను సగం విలువకే తీసుకోవడం ఆమెకు అలవాటైంది.

మంగళవారం ఉదయం ఈ మడి మీదుగా కరెంటు తీగలను పరిశీలిస్తూ ఒక హెలికాప్టర్ తక్కువ ఎత్తులో వచ్చింది. అదే సమయంలో కింద ఒక డ్రోన్ వరికి మందు కొడుతోంది. డ్రోన్‌ను తప్పించబోయి హెలికాప్టర్ మడిలో కూలబడింది. అందులోని టెక్నీషియన్ యోహాను వెన్నెముకకు దెబ్బ తగిలి జగిత్యాల ఆసుపత్రిలో ఉన్నాడు. డ్రోన్ నడిపింది నర్మద క్లయింటు, కోరుట్ల అమ్మాయి అల్ఫియా. ఇప్పుడు ఆమె రాజేశానికి నాలుగడుగుల దూరంలో, ఒళ్లో ఒక గుడ్డ సంచి పట్టుకుని కూర్చుని ఉంది. అయిదు గంటలకు ఆమె ఠాణాలో హాజరు కావాలి. హెలికాప్టర్ కోసం డ్రోన్లపై పెట్టిన నిషేధం సంగతి తెలిసే ఎగరేశానని సంతకం చేస్తే లైసెన్సు పోతుంది. చెయ్యకపోతే దొంగ సాక్ష్యం పుట్టించిందని రెండో కేసు.

"రాజేశం, డ్రోన్ ఎంత ఎత్తులో ఉండె?"

"నా తలకు రెండు మూరల మీద. మందు కొట్టేటప్పుడు అంతకన్న లేవదు."

నర్మద వరి ఆకులను వేలితో తుడిచి చూసింది. ఎండిన మందు తెల్లటి పొరలా అంటింది. ఆ తెలుపు మడి మధ్య దాకా వచ్చి, కత్తితో కోసినట్టు ఒకే గీత దగ్గర ఆగిపోయింది. గీత అవతల ఆకులు పచ్చగానే ఉన్నాయి. శబ్దం వినగానే అల్ఫియా డ్రోన్‌ను అక్కడికక్కడే దించేసిందన్నమాట. ఫిర్యాదులో మాత్రం డ్రోన్ వంద అడుగుల ఎత్తున తిరుగుతోందని రాశారు.

"అల్ఫియా, ఇటు చూడు. మంగళవారం పొద్దున లేచినప్పటి నుంచి చెప్పు. టైములతో చెప్పాలె."

"పోలీసోళ్లకు చెప్పిన గద మేడం."

"నాకు చెప్పలె."

అల్ఫియా సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "అయిదూ ఇరవైకి కోరుట్ల బస్టాండు కాడి ఛాయ్ హోటల్ల యాప్ తెరిచిన. నింగిమిత్ర. ఎగరేయచ్చని ఆకుపచ్చ చూపెట్టింది. అయిదున్నరకు ఎల్లిన. ఆరూ నలభైకి గీడికచ్చిన. అచ్చినంక ఫోన్‌ను ఫ్లయిట్ మోడ్‌ల పెట్టిన."

"ఎందుకు?"

"ఫోనే రిమోట్‌కు తెర మేడం. మందు కొట్టంగ మధ్యల ఎవలన్న ఫోన్ చేస్తే తెర మాయమైతది, డ్రోన్ ఎటు పోయేది తెలువది. మా పైలెట్లందరం గంతే చేస్తం. ఎట్లా గీ మడిల సిగ్నల్ కూడ ఉండది. మందు కలుపుకొని, ఎగరేసే ముందట మళ్ల యాప్ తెరిచిన. పొలం ఒడ్డు మీద తెరిచి చూడాలె, అది మా రూలు. ఆకుపచ్చే ఉండె. పక్కన టైము గూడ ఉండె, ఏడూ ముప్పై ఒకటి. ఎస్ఐ సార్ గదాన్నే ఫొటో తీసుకున్నడు."

ఆ ఫొటోయే ఇప్పుడు ఆమె మెడకు చుట్టుకుంది. ఆ ఉదయం ఆరు గంటలకే తీగల వెంట నిషేధం అమల్లోకి వచ్చింది. ఏడు ముప్పై ఒకటికి తమ యాప్‌లో ఎవరూ తనిఖీ చేయలేదని, ఆ ఆకుపచ్చ తెర కల్పితమని కంపెనీ రాతపూర్వకంగా చెప్పింది. ఎస్ఐ డ్రోన్‌ను, రిమోట్‌ను జప్తు చేశాడు. సిరిసిల్ల నుంచి సైబర్ విభాగం మనిషి వచ్చేది గురువారం కనుక, ఫోన్‌ను ఆ రోజు తెచ్చి ఇమ్మన్నాడు.

"ఆ ఫోన్ ఇప్పుడెక్కడుంది?"

"సంచిల. ఆ రోజే బంద్ చేసిన. అమ్మీ దాన్ని బీడీ ఆకుల గంపల దాచింది. మళ్ల తెరవలేదు. ఎవలెవలు ఏమంటరో అని భయమైంది."

"అప్పటి నుంచి దానికి సిగ్నల్ తగలలేదు కదా?"

"లేదు మేడం. 108కు సుత రాజేశం మామనే బండి మీద కల్వర్టు కాడికి ఉరికి ఫోన్ చేసిండు."

నర్మద టేపును చుట్టి జేబులో పెట్టుకుంది. తర్వాత అడిగింది. "యాప్‌లు రెండున్నాయి. మీరందరూ నింగిమిత్రే ఎందుకు పెట్టుకున్నరు?"

అల్ఫియా తల వంచుకుంది. ఈ ప్రశ్నను పోలీసులు అడగలేదు. రెండు రోజులుగా ఆమె తనను తాను అడుగుతున్నది మాత్రం ఇదే.

"నేనే చెప్పిన. పోయిన యేడు ముప్పై మంది పైలెట్లం కూసొని రెండూ చూసినం. వాయుసీమ అని ఇంకోటి ఉండె. సిగ్నల్ లేని కాడ అది తెలువది అంటది. రైతు నీళ్ల డ్రమ్ములు నింపుకొని, మందు పట్టుకొని నిలబడ్తడు. ఆయనకు తెలువది అని ఎట్ల చెప్తం? ఇదైతే ఎక్కడ తెరిచినా జవాబిస్తది. గిదే మంచిగున్నది, గిదే పెట్టుకోండ్రి అన్న. నా మాట మీద అందరు పెట్టుకున్నరు. యోహాను సార్ గట్ల పండుకున్నడంటే... నేను ఎగరేసినందుకు గాదు మేడం. నేను ఏరినందుకు."

నర్మద ఆమె పక్కన గట్టు మీద కూర్చుంది. ఓదార్చే మాటలు ఆమెకు వెంటనే తోచవు. తోచినవి నిజమో కాదో చూసుకుని గాని పలకదు. చివరికి, "ఏరుకోవడంలో నువ్వు చూసింది రైతు ముఖం. అది చిన్న సంగతి కాదు," అంది. "కాని ఇంకోటి చూడాల్సి ఉండె. అది నేను చూపిస్తా."

అప్పుడే రోడ్డు మీద కారు ఆగింది.

*

కారు దిగినవాడు అరవింద్. నింగిమిత్ర కంపెనీ నియమించిన పరిశోధకుడు. అంతకుముందు రెండేళ్లు నర్మద దగ్గర పని నేర్చుకున్నాడు. బురద అంటకుండా గట్టు మీద ఎలా నడవాలో కూడా ఆమె నేర్పిందే. ఇప్పుడు అలాగే నడిచి వచ్చాడు.

"నమస్తే మేడం. చాళ్లు కొలిచిండ్రా? ఎడమది ఎక్కువ లోతు. నేను నిన్ననే కొలిచిన."

"కొలిచి రిపోర్టుల ఎందుకు రాయలేదు?"

"దానితోటి నా క్లయింటుకు పని లేదు." నవ్వుతూనే ఒక కాగితం తీశాడు. "అల్ఫియా గారూ, అయిదింటి దాకా ఎందుకు? ఇక్కడ సంతకం పెడితే కంపెనీ రెండో కేసు పెట్టదు. ఒక్క లైసెన్సుతోటి పోతది."

"ఒక్క లైసెన్సా?" రాజేశం కలుగజేసుకున్నాడు. "గా పిల్లకు ఉన్నదే ఒక్కటి గదయ్యా."

"పెద్దమనిషీ, నేను నీతోటి మాట్లాడుతలేను."

"నా మడిల నిలబడ్డవు. మాట్లాడాలె మరి."

నర్మద కాగితం అందుకుని చదివింది. నిషేధపు హెచ్చరిక పంపిన సమయం, మంగళవారం ఆరు పది. వినియోగదారు చదివిన సమయం, ఆరు పదకొండు.

"ఆరు పదకొండుకు ఎక్కడున్నవ్, అల్ఫియా?"

"తొవ్వల. బండి నడుపుతున్న."

"బండి నడుపుకుంట సుత ఫోన్ చూస్తరు మేడం," అన్నాడు అరవింద్. "రికార్డు రికార్డే. ఏడు ముప్పై ఒకటి ఫొటో సంగతి కూడ అంతే. ఆ టైముకు మా సర్వర్‌ల తనిఖీ లేదు. మరి ఆ తెర ఎక్కడి నుంచి అచ్చింది? ఆకాశం నుంచి పడ్డదా?"

"చూద్దాం." నర్మద తన ఫోన్ తీసింది. "పొద్దున జగిత్యాలలో రెండు యాప్‌లూ దింపుకున్న. పదకొండూ నలభైకి రెండూ తెరిచి, ఈ మడిని గుర్తు పెట్టిన. ఆ తర్వాత తెరవలేదు. ఇప్పుడు ఫ్లయిట్ మోడ్‌లో పెడుతున్న. నువ్వే పట్టుకో. టైమెంత?"

"మూడు యాభై అయిదు."

"వాయుసీమ తెరువు."

తెర బూడిద రంగులో వచ్చింది. కింద రెండు వరుసలు: చివరగా సమాచారం అందినది 11:40. ఇప్పటి పరిస్థితి తెలియదు, ఎగరవేయవద్దు.

"ఇప్పుడు మీది."

అరవింద్ నింగిమిత్రను తెరిచాడు. తెరంతా ఆకుపచ్చగా వెలిగింది. అనుమతి ఉంది. పక్కన సమయం: తనిఖీ 3:55.

రాజేశం మెడ చాచి తెరలోకి చూశాడు.

"సిగ్నల్ లేదు," నర్మద నెమ్మదిగా అంది. "ఎవరినీ అడగలేదు. అడిగినట్టు టైము వేసింది. పొద్దుటి సమాచారం మీద ఇప్పటి గడియారం అతికించింది. మంగళవారం ఏడు ముప్పై ఒకటికి జరిగింది ఇదే. ఫొటో కల్పితం కాదు. కల్పించింది మీ యాప్. ఎవరినీ అడగలేదు కాబట్టే మీ సర్వర్‌లో తనిఖీ లేదు."

అల్ఫియా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "అంటే తెలువది అన్నదే నిజం చెప్పిందా మేడం?"

"తెలియని చోట తెలియదని చెప్పగలిగిన దాన్నే, తెలుసు అన్నప్పుడు నమ్మగలం. మనుషుల్లోనూ అంతే. ఏరేటప్పుడు చూడాల్సింది అదొక్కటే."

అరవింద్ ఫోన్‌ను తిరిగి ఇచ్చాడు. గొంతులో మునుపటి విసురు లేదు గాని, పట్టు వదలలేదు. "సరే. ఫొటో సంగతి ఒప్పుకుంట. కాని ఆరు పది హెచ్చరిక ఉన్నది. తొవ్వ పొంటి సిగ్నల్ ఉన్నది. హెచ్చరిక అందింది, చదివింది. ఆ తర్వాత ఆకుపచ్చ చూసినా, ఎరుపు చూసినా ఒకటే."

"అల్ఫియా, ఫోన్ తియ్యి."

సంచిలోంచి ఫోన్ బయటికి వచ్చింది. దానితో పాటు తునికాకు వాసన కూడా వచ్చింది. ఆన్ చేయగానే పైన చిన్న విమానం గుర్తు కనిపించింది. ఫ్లయిట్ మోడ్ అలాగే ఉంది. నర్మద దాన్ని తాకకుండా, తన ఫోన్‌తో వీడియో తీస్తూ అంది. "నింగిమిత్రలో హెచ్చరికల పెట్టె తెరువు. అరవింద్, దగ్గరికి వచ్చి చూడు."

పెట్టె తెరుచుకుంది. ఖాళీ. మంగళవారం లేదు, ఆరు పది లేదు. హెచ్చరికలు ఏవీ లేవు అన్న ఒక్క మాట తప్ప మరేమీ లేదు.

"ఆరు పదికి సిగ్నల్ ఉందని నువ్వే అన్నవ్. చదివిందనీ నువ్వే అన్నవ్. చదివిన హెచ్చరిక ఎక్కడ పోయింది?"

"తుడిచేసి ఉండొచ్చు."

"తుడిచే మీట చూపించు."

అరవింద్ తెరను పైకీ కిందికీ జరిపి చూశాడు. అలాంటి మీట లేదు. అది లేదన్న సంగతి అతనికి ముందే తెలుసునని అతని ముఖమే చెప్పింది.

"మీ వీడియో ఎవరు నమ్ముతరు మేడం?" అన్నాడు. "మీ ఫోను, మీ క్లయింటు. కోర్టుకు కావాల్సింది ఈ ఫోను. ఇది ఇట్లనే, సిగ్నల్ తగలకుంట సైబర్ మనిషి చేతిలకు పోవాలె. పోతే మాత్రం..." మాట పూర్తి చేయలేదు.

"పోతే అల్ఫియా గెలుస్తది. ఇంకో గంటలో పోతది."

అప్పుడు రాజేశం, ఎవరూ అడగకుండానే, తల గోక్కుంటూ అన్నాడు. "గంటల అంటే గుర్తుకచ్చింది. గా హెలికాప్టర్ ఇయ్యాల మళ్ల అస్తదట గదా. వేరేదట. లైన్‌మన్ చెప్పిండు. నాలుగున్నరకల్లా సిరిసిల్ల దిక్కు తీగలు చూస్తరట."

అల్ఫియా ఒక్కసారిగా లేచి నిలబడింది.

"మేడం, ఆ తీగల కిందనే మావోళ్లు పద్నాలుగు మంది ఉన్నరు. ఈ వారం పని నేనే పంచిన. నాలుగున్నరకు మందు కొట్టుడు షురూ చేస్తరు."

"అరవింద్, నీ ఫోన్‌లో నింగిమిత్ర ఉంది కదా. కారు దిగే దాకా సిగ్నల్ ఉంది కదా. ఇవాళ్టి హెచ్చరిక వచ్చిందా?"

అతను జేబులోంచి ఫోన్ తీసి చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

*

నాలుగూ పన్నెండుకు నలుగురూ కల్వర్టు మీద ఉన్నారు. నర్మద ఎస్ఐకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. కరెంటు ఆఫీసు నంబరు ఎంతకూ ఖాళీ కాలేదు. అరవింద్ కంపెనీతో రెండు నిమిషాలు మాట్లాడి ఫోన్ దించాడు.

"ఫిర్యాదు ఫారం నింపి పంపమంటున్నరు. ఇరవై నాలుగు గంటలల్ల చూస్తరట."

అల్ఫియా ఫోన్‌లో ఉన్న నంబర్లు చూసి నర్మద తన ఫోన్‌తో ముగ్గురు పైలట్లకు కలిపింది. తెలియని నంబరు. ఒక్కరూ ఎత్తలేదు.

"ఎత్తరు మేడం. లోన్లోళ్ల ఫోన్లని అనుకుంటరు," అంది అల్ఫియా. "నాలుగూ ఇరవైకల్లా అందరు ఫ్లయిట్ మోడ్‌ల పెడ్తరు. అటెన్క ఎవలికీ దొరకరు. యాప్ తెరుస్తరు, ఆకుపచ్చ చూస్తరు, లేపుతరు."

"వాళ్లకు ఏం చెబితే వింటరు?"

"గాలి ముచ్చట. రోజూ లేపే ముందు నేను గ్రూపుల వాయిస్ పెడ్త. గాలి నిమ్మలంగున్నదా, ఎటు దిక్కు కొడ్తున్నది అని. అది ఇనంది ఫోన్ బంద్ చెయ్యరు. రెండు రోజులాయె పెట్టక. ఇయ్యాల పెడితే అందరు ఇంటరు."

ఆ గ్రూపు ఉన్నది ఆమె ఫోన్‌లో. సిగ్నల్ తగలకూడని ఫోన్‌లో. తగిలిన తర్వాత అందులోది మారలేదని ఎవరూ ఒప్పుకోరు.

వద్దనే హక్కు తనకు ఉందో లేదో నర్మదకు తెలియలేదు. ఆపితే ఒక అమ్మాయి బతుకు నిలబడుతుంది, కాని పద్నాలుగు డ్రోన్ల కింద, పైన ఎవరెవరు ఉన్నారో లెక్క లేదు. ఆపకపోతే ఈ కేసులో మిగిలేది తన చేతిలోని ఒక వీడియో. ఇలాంటి చోట ఇతరుల తరఫున నిర్ణయించడం ఎంత తేలికో, ఎంత అన్యాయమో ఆమె ఎన్నో ఏళ్లుగా చదివింది. చదివినదేదీ ఇప్పుడు అక్కరకు రాలేదు.

అల్ఫియా ఆమె ముఖం చూసి, చిన్నగా నవ్వింది. "మీరు చెప్పద్దు మేడం. ఈసారి సుత నేనే ఏరుకుంట."

విమానం గుర్తును వేలితో నొక్కింది. నాలుగూ పదహారు. ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుంది.

"నేను అల్ఫియాను. గాలి ముచ్చట గాదు. తీగల మీద హెలికాప్టర్ అస్తున్నది. ఎవ్వలు లేపకుండ్రి. లేపినోళ్లు దించుండ్రి. యాప్ ఆకుపచ్చ చూపెడ్తది, నమ్మకుండ్రి. నేను నమ్మమని చెప్పిన, నాదే తప్పు. జర పైలం. ఇన్నోళ్లు ఇన్నమని పెట్టుండ్రి."

జవాబులు ఒక్కొక్కటే వచ్చాయి. అయ్యో అక్కా, నువ్వేనా? ఇన్న. దించిన. ఇన్న. రాజేశం వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. పదమూడు దగ్గర ఆగాడు.

"ఖలీల్ లేడు," అంది అల్ఫియా. "వాడు ఎప్పుడు ముందే లేపుతడు."

నాలుగూ పంతొమ్మిది. నాలుగూ ఇరవై. నాలుగూ ఇరవై ఒకటి. అరవింద్ తన గడియారం వంక చూడటం మాని అల్ఫియా చేతిలోని ఫోన్ వంక చూస్తున్నాడు.

ఫోన్ మోగింది. ఖలీల్ గొంతు నర్మదకు కూడా వినిపించింది. "లేపిన అల్ఫియా, ఒక వరుస కొట్టిన. ట్యాంకు నింపంగ పక్క మడి నుంచి కహకషాన్ ఉరికచ్చి చెప్పింది. దించిన. ఇగో, తీగల పొంటి అస్తనే ఉన్నది అది. అల్లా! ఎంత కిందికున్నది!"

అల్ఫియా కల్వర్టు గోడ మీద కూలబడింది. రాజేశం ఆమె తల మీద చెయ్యి వేసి, "మంచి పని చేసినవ్ బిడ్డా," అని మాత్రం అన్నాడు.

ఆమె చేతిలోని ఫోన్ మళ్లీ చిన్నగా అదిరింది. నింగిమిత్ర.

అరవింద్ ముందుగా చూశాడు. రెండు అడుగులు దగ్గరికి వచ్చాడు. "పెట్టె తెరువు," అన్నాడు.

అల్ఫియా తెరిచింది. ఇరవై నిమిషాల కిందట ఖాళీగా ఉన్న హెచ్చరికల పెట్టెలో ఇప్పుడు ఒక ఎర్రటి వరుస ఉంది.

నిషేధపు హెచ్చరిక. అందినది: మంగళవారం 6:10. చదివినది: మంగళవారం 6:11.

"నేను చదవలె," అంది అల్ఫియా, పిల్లలా. "మీరందరు చూసిండ్రు గద, లేకుండె గద?"

నర్మదకు సంగతి పూర్తిగా అర్థమైంది. మంగళవారం ఎవరికీ హెచ్చరిక వెళ్లలేదు. దుర్ఘటన తర్వాత కంపెనీ వాళ్లే దాన్ని వెనకటి తేదీతో రాసి, ఫోన్లకు సిగ్నల్ తగిలినప్పుడు దిగేలా ఉంచారు. సైబర్ మనిషి అయిదింటికి తెరిచే ఫోన్ ఇప్పుడు అల్ఫియా మీదే సాక్ష్యం చెబుతుంది. ఖాళీ పెట్టెను చూసిన కళ్లు నాలుగు జతలు. వాటిలో మూడు ఆమె పక్షానివే. వాటిని ఎవరూ లెక్కచేయరు.

నాలుగో జత అరవింద్‌ది.

అతను జేబులోంచి, సంతకం కోసం తెచ్చిన కాగితాన్ని తీశాడు. ఆరు పది, ఆరు పదకొండు అన్న అంకెలను చాలా సేపు చూశాడు. వాటిని నిన్నంతా నమ్మి, తన పేరుతో రిపోర్టు రాసింది అతనే.

"మేడం," అన్నాడు, తల ఎత్తకుండా. "మీ దగ్గర పనిచేసేటప్పుడు ఒకటి చెప్పేటోళ్లు మీరు. చూసింది చూసిన గంటల రాయాలె, లేకుంటే అది మారిపోతది అని."

"గుర్తుంది."

అతని ఫోన్ మోగడం మొదలైంది. తెర మీద కంపెనీ పేరు. దాన్ని గోడ మీద బోర్లించి, మోగనిచ్చాడు. కాగితాన్ని తిప్పి, వెనకవైపు తెల్లటి భాగాన్ని మోకాలి మీద పరుచుకున్నాడు.

"ఖాళీ పెట్టె చూసినప్పుడు టైమెంత, అల్ఫియా?"

"నాలుగింటికి ఒక నిమిషం తక్కువ, సార్."

అరవింద్ ముందుగా సమయం వేశాడు. దాని కింద తన పేరు రాశాడు. ఆ తర్వాత, ఫోన్ ఇంకా మోగుతూనే ఉండగా, చూసింది రాయడం మొదలుపెట్టాడు.